ఆసక్తి లేకపోయినా వెళ్లండి



ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసి, డిగ్రీ సీట్ల కేటాయింపు పూర్తయ్యాక, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కాలేజీ గేట్ల దగ్గర కొత్త ముఖాలు కనబడతాయి. ఫస్టియర్ పిల్లలు హాస్టల్ గది చూసుకుంటారు, మెస్ తిండికి వంకలు పెడతారు, బ్రాంచి వాట్సాప్ గ్రూపులో చేరతారు. ఆ హడావిడిలోనే నోటీసు బోర్డు మీద కాగితాలు అంటిస్తారు. ఎన్ఎస్ఎస్‌లో చేరదలచినవాళ్లు ఫలానా తేదీలోగా పేర్లివ్వాలి. నాటక బృందానికి ఎంపిక శుక్రవారం సాయంత్రం. బయటి ఊరి నుంచి వస్తున్న ఒక శాస్త్రవేత్త ఉపన్యాసం సెమినార్ హాల్లో. గ్రంథాలయ కార్డుకు రెండు ఫోటోలు కావాలి. కొత్త విద్యార్థి వీటిని పైనుంచి కిందికి చదివి, పక్కవాడితో ఒక మాట అని క్యాంటీన్ వైపు నడుస్తాడు. "వాటి మీద నాకు ఇంట్రెస్ట్ లేదురా." ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఈ ఒక్క వాక్యం గురించే. ఇది వినయంగా, నిజాయితీగా వినబడుతుంది. తప్పుపట్టడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఒక ఫస్టియర్ విద్యార్థి తనకు తాను చేసుకునే నష్టాల్లో ఇంత పెద్దది ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఆసక్తి ఉంటే వెళ్లాలి, లేకపోతే మానాలి అన్న వరుస మనకు ఎంత సహజంగా తోస్తుందంటే, దాన్ని ఎవరూ ప్రశ్నించరు. తల్లిదండ్రులు "నీకేది ఇష్టం?" అని అడుగుతారు. కౌన్సెలర్లు "నీ ప్యాషన్ ఏమిటి?" అంటారు. పదిహేడేళ్లవాడు తన లోపల ఎక్కడో ఆ ఇష్టం తయారై కూర్చుని ఉందనుకుని వెతుక్కుంటాడు, దొరకకపోతే తనలోనే లోపం ఉందనుకుంటాడు. అసలు వరుసే తలకిందులుగా ఉంది. ముందు తెలియనిదాన్ని కొంచెం చేయాలి, చేసినందువల్ల ఆసక్తి పుడుతుంది. 2018లో ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించి చూశారు. ఆసక్తి పుట్టుకతో వచ్చేది, దాన్ని కనుక్కోవడమే మన పని అని నమ్మేవాళ్లు కొందరు. ఆసక్తిని పెంచుకోవచ్చని నమ్మేవాళ్లు కొందరు. కృష్ణబిలాల గురించి చక్కటి వీడియో చూపిస్తే రెండు రకాలవాళ్లూ ముగ్ధులయ్యారు. తర్వాత అదే విషయం మీద కఠినమైన శాస్త్ర వ్యాసం చేతికిచ్చారు. మొదటి రకంవాళ్ల ఆసక్తి ఎక్కువగా పడిపోయింది. నిజంగా నా ఇష్టమే అయితే ఇంత కష్టంగా ఎందుకుంటుంది, అన్నది వాళ్ల లెక్క. అంటే ఇష్టం దొరికేదాకా ఆగుతానన్నవాడికి, తీరా అది దొరికినా, మొదటి ఇబ్బందికే చేజారిపోయే ప్రమాదం ఉంది.

మన దగ్గర ఈ సమస్యకు ఇంకో పొర ఉంది. ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో గడిపిన పిల్లల దినచర్య గుర్తు చేసుకోండి. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి పొద్దుపోయేదాకా మళ్లీ స్టడీ అవర్, ఆదివారం పరీక్ష. ఏ గంటలో ఏ సబ్జెక్టు చదవాలో, ఎవరు ఏ సెక్షన్‌లో కూర్చోవాలో, ఎప్పుడు ఇంటికి ఫోన్ చేయాలో అన్నీ ఇంకొకరే నిర్ణయిస్తారు. ఆ పద్ధతి ర్యాంకులు తెస్తుందా లేదా అన్న చర్చ ఇప్పుడు వద్దు. అది తీసుకుపోయేది మాత్రం ఒకటుంది. ఖాళీ సాయంత్రం చేతిలో పడితే ఏం చేయాలో నిర్ణయించుకునే అలవాటు పోతుంది. యూనివర్సిటీ మొదటిసారిగా ఆ ఖాళీ సాయంత్రాన్ని ఇస్తుంది. ఇన్నాళ్లూ టైంటేబుల్‌లో లేనిది చేయడమే తప్పని నేర్చుకున్న పిల్లవాడు, టైంటేబుల్‌లో లేనిదేదైనా తనది కాదనుకుంటాడు. కాబట్టి ఇంట్రెస్ట్ లేదన్న మాట చాలాసార్లు ఇష్టాయిష్టాల గురించి అన్న మాట కాదు. ఎంచుకోవడం అలవాటు తప్పినవాళ్లు అనే మాట అది. ఈ సంగతి పైవాళ్లకు తెలియకపోలేదు. మూడు వారాల ప్రవేశ కార్యక్రమం జరపాలని ఏఐసీటీఈ చెప్పింది. 2019లో యూజీసీ దీక్షారంభ్ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. చాలాచోట్ల జరుగుతున్నది మాత్రం వేదిక మీద వరుసగా ప్రసంగాలు, కింద వరుసగా నిద్ర.

ఇంతకీ క్యాంపస్‌లో ఏమున్నాయి? ఫీజు రసీదు చూస్తే సగం తెలుస్తుంది. ట్యూషన్ ఫీజు కింద స్పెషల్ ఫీజుల పద్దు ఉంటుంది. గ్రంథాలయానికి ఇంత, క్రీడలకు ఇంత, విద్యార్థి కార్యక్రమాలకు ఇంత, ఆరోగ్య కేంద్రానికి ఇంత. మీరో, మీ తరఫున ఫీజు రీయింబర్స్‌మెంట్ పద్దులో ప్రభుత్వమో ముందే చెల్లించినవి ఇవి. గ్రంథాలయం సంగతే చూద్దాం, అన్నిటికంటే ఎక్కువ వృథా అవుతున్నది అదే కాబట్టి. చాలామంది విద్యార్థులు దాని గడప తొక్కేది ఆఖరి సంవత్సరంలో, నో డ్యూస్ సర్టిఫికెట్ మీద సంతకం కోసం. ఎన్నడూ పుస్తకం తీసుకోనివాడికి బకాయి లేదని ధ్రువపత్రం ఇవ్వడం మన విశ్వవిద్యాలయాల్లో ఒక వింత ఆచారం. 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకం అమలు చేస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలతో ఒప్పందం చేసుకుని, సుమారు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ అందుబాటులోకి తెచ్చింది. దాదాపు 6,300 సంస్థలు, 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు దీని పరిధిలోకి వస్తారు. ఒకప్పుడు ఏ ఐఐటీ గ్రంథాలయంలోనో మాత్రమే దొరికే పత్రిక ఇవాళ శ్రీకాకుళంలోనో, ఆదిలాబాద్‌లోనో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ విద్యార్థికీ దొరకాలన్నది ఆలోచన. దాన్ని ఎలా తెరవాలో చెప్పే మనిషి గ్రంథాలయంలో కూర్చుని ఉంటాడు, అడిగేవాళ్లే కరువు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన ఎస్.ఆర్.రంగనాథన్ 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు రాశారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయడం అందులో ఒకటి. అంటే మీ ప్రశ్న, అది ఎంత చిన్నదైనా, గ్రంథాలయాధికారి పనికి అడ్డం కాదు. ఆయన పనే అది.

పుస్తకాలూ కార్యక్రమాలూ వేరువేరు లోకాలని అనుకోవడం కూడా ఈ మధ్య వచ్చిన అలవాటే. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన అబ్బూరి రామకృష్ణారావు కవి, నాటక ప్రయోక్త. అదే విశ్వవిద్యాలయానికి రిజిస్ట్రార్‌గా ఉన్న కూర్మా వేణుగోపాలస్వామి ప్రయోగాత్మక నాటకరంగాన్ని నెలకొల్పి, కాలేజీల మధ్య నాటక పోటీలకు ఊపిరిపోశారు. ఫైళ్లు చూసే రిజిస్ట్రార్‌కు నాటకంతో పనేమిటని ఈ రోజుల్లో ఎవరైనా అడగొచ్చు. ఆ తరం పెద్దలు మాత్రం రంగస్థలాన్ని చదువు బయటి వ్యాపకంగా చూడలేదు. పదిమంది ముందు నిలబడటం, ఇంకొకరి మాటకు సమయానికి బదులివ్వడం, నెలరోజులపాటు ఒకే పని మీద ఓ గుంపుతో కలిసి ఉండటం, ఇవి తరగతి గది నేర్పలేనివని వాళ్లకు తెలుసు. ఇవాళ్టి క్యాంపస్ ఇంటర్వ్యూల్లో 'సాఫ్ట్ స్కిల్స్' అని పేరుపెట్టి, ఆఖరి సంవత్సరంలో రెండు వారాల శిక్షణగా అమ్ముతున్నది వీటినే.

ఆసక్తి ఎలా పుడుతుందో, దానికి ఎవరు కారణమవుతారో చూడాలంటే కల్యంపూడి రాధాకృష్ణారావు జీవితంలో ఒక మలుపు చాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం పూర్తిచేసి 1940లో ఆయన సైనిక విభాగంలో ఒక ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. బసచేసిన హోటల్లో ఒక యువకుడు పరిచయమయ్యాడు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నవాడు. అతని వెంట రాధాకృష్ణారావు ఆ సంస్థకు వెళ్లి చూశారు, చేర్చుకోమని సంస్థ వ్యవస్థాపకుడు మహలనోబిస్‌కు దరఖాస్తు పెట్టారు, 1941 జనవరి 1న చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క వ్యాసం గణాంకశాస్త్రానికి ఆయన పేరుతోనే పిలిచే రెండు ఫలితాలను ఇచ్చింది. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి ఆయనకు ప్రకటించారు. ఒక మేధావి కథ చూపించి అందరికీ అదే జరుగుతుందని అనడం మోసం, ఆ మాట నేను అనను. ఆయన ప్రతిభ ఆయనది. నేను చూడమంటున్నది ఆ మలుపు తిరిగిన తీరు. ఆసక్తి ముందే ఉండి ఆయన వెతుక్కుంటూ వెళ్లలేదు. బాగా తెలిసిన మిత్రుడూ తీసుకుపోలేదు. ముఖపరిచయం ఉన్న ఒక మనిషి, చూసొద్దామన్న కుతూహలం, అంతే.

ముఖపరిచయాల విలువ మీద మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో రాసిన వ్యాసం ఆ రంగంలో ఎంతో ప్రసిద్ధం. బోస్టన్ పక్కనున్న న్యూటన్ పట్టణంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికించుకున్నవాళ్లను, ఆ కబురు చెప్పిన మనిషిని ఎంత తరచుగా కలిసేవారని ఆయన అడిగారు. తరచుగా కలిసేవాళ్లమన్నవాళ్లు నూటికి 17 మంది కూడా లేరు. ఎప్పుడో ఒకసారి అన్నవాళ్లు దాదాపు 56 మంది, అరుదుగా అన్నవాళ్లు 28 మంది. ఆయన పరిశీలించినవాళ్ల సంఖ్య చిన్నదే. కానీ కారణం ఆలోచిస్తే మనకే తెలుస్తుంది. గదిలో ముగ్గురు మిత్రులకూ తెలిసిన కబుర్లు ఒకటే. ఒకే బ్రాంచి, ఒకే గ్రూపు, ఒకే సిలబస్. కొత్త కబురు రావాలంటే కొత్త మనిషి కావాలి. ఎన్ఎస్ఎస్ శిబిరంలో ఏడురోజులు కలిసి ఉన్న వ్యవసాయ కళాశాల అమ్మాయి, క్విజ్ పోటీలో మిమ్మల్ని ఓడించిన చరిత్ర విద్యార్థి, ఉపన్యాసం తర్వాత ఒక ప్రశ్న అడిగినందుకు పేరు గుర్తుంచుకున్న ప్రొఫెసర్, వీళ్లెవరూ మీకు ప్రాణస్నేహితులు కానక్కర్లేదు. కాకపోవడమే మేలు కావచ్చు.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, అందరికంటే గట్టిగా తల్లిదండ్రుల నోట వినిపించేది, మార్కుల సంగతి. ఫస్టియర్‌లో గణితం పోతే బ్యాక్‌లాగ్ ఆఖరి సంవత్సరందాకా వెంటాడుతుంది, అటెండెన్స్ 75 శాతానికి తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఇందులో నాటకాలెక్కడ అంటారు. భయం నిజమైనదే. నిజమైన భయాన్ని లెక్కతోనే ఎదుర్కోవాలి. 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలైన జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్, ఒక వాలంటీరు నుంచి ఏడాదికి కోరేది 120 గంటలు. వారానికి సుమారు రెండున్నర గంటలు. కాలేజీ విద్యార్థి చేతిలో ఫోన్ ఒక్కరోజులో అంతకంటే ఎక్కువ తీసుకుంటుందని ఏ ఇంట్లోనైనా ఒప్పుకుంటారు. కాబట్టి గంటలు లేవన్న మాట నిలవదు. నిలిచే అభ్యంతరం ఒకటుంది. కొందరు విద్యార్థులు, ముఖ్యంగా ఫెస్టుల నిర్వహణ కమిటీల్లో పడ్డవాళ్లు, స్పాన్సర్ల వెంట తిరుగుతూ నిజంగానే చదువు పాడుచేసుకుంటారు. వాళ్ల విషయంలో తల్లిదండ్రుల మాటే సరైనది. మొదటి ఏడాది పిల్లలు ఫెస్టులకు ప్రేక్షకులుగా, పోటీదారులుగా వెళ్లడం వేరు, వాటిని నెత్తిన మోయడం వేరు. మిడ్స్ జరిగే వారంలో ఏ కార్యక్రమానికైనా సరే వెళ్లకూడదు, ఇందులో రాజీ అక్కర్లేదు.

రెండో అభ్యంతరం తెలివైనది. కార్యక్రమాల్లో పాల్గొనేవాళ్లు బాగుపడతారని చెప్పే అధ్యయనాలన్నీ ఒక గందరగోళంలో ఉన్నాయని కొందరంటారు. ఎలాగూ చురుకైనవాళ్లే పాల్గొంటారు, వాళ్లు ఎలాగూ బాగుపడేవాళ్లే కదా. అమెరికన్ విద్యా పరిశోధకుడు అలెగ్జాండర్ ఆస్టిన్ 1984లో, విద్యార్థి ఎంతగా, ఎంత శ్రద్ధగా కళాశాల జీవితంలో పాలుపంచుకుంటే అంతగా నేర్చుకుంటాడని సిద్ధాంతీకరించినప్పటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. న్యాయమైన ప్రశ్న కూడా. అందుకే ఇంకో రకం సాక్ష్యం చూడాలి. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో ఫస్టియర్ విద్యార్థులకు హాస్టల్ గదులను లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. ఎవరితో ఎవరు ఉండాలో విద్యార్థులు ఎంచుకోరు. ఆ వివరాలను బ్రూస్ సాసెర్డోట్ అనే ఆర్థికవేత్త పరిశీలించి 2001లో ప్రచురించారు. గదిలో లాటరీ పద్ధతిలో వచ్చిపడ్డ సహచరుడి ప్రభావం మార్కుల మీద కొంత పడింది. ఏ విద్యార్థి సంఘాల్లో చేరాలన్న నిర్ణయం మీదా పడింది. మేజర్ సబ్జెక్టు ఎంపిక మీద పడలేదు. దీని అర్థం ఏమిటి? నాకిది ఇష్టం, నాకది ఇష్టం లేదు అని మనం గట్టిగా చెప్పే మాటలో కొంత భాగం రూమ్మేటు చెప్పించినదే. అతనికి క్రికెట్ పిచ్చి ఉంటే మీరూ మైదానానికి వెళ్తారు. అతను సాయంత్రమంతా పడుకునే రకమైతే మీకూ దేనిమీదా ఇంట్రెస్ట్ ఉండదు. ఎలాగూ ఏదో ఒక యాదృచ్ఛికతకు లోబడుతున్నప్పుడు, నోటీసు బోర్డు ఇచ్చే యాదృచ్ఛికత ఇంకా నయం. కనీసం దాన్ని మీరు ఎంచుకోవచ్చు.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి చెప్పనిది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన విద్యార్థి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్న అమ్మాయి, సెమినార్ హాల్ గుమ్మందాకా వెళ్లి, లోపల ఇంగ్లీషు వినబడగానే వెనుదిరుగుతారు. ఇంట్రెస్ట్ లేదన్న మాట వెనుక చాలాసార్లు దాక్కుని ఉండేది బిడియం. ఇక్కడ తెగువ చూపమని ఉపదేశించడం తేలిక, పనికిరానిది కూడా. పనికొచ్చేదేమిటో మనస్తత్వ శాస్త్రవేత్తలు గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ 2011లో సైన్స్ పత్రికలో చూపారు. ఒక అమెరికన్ విశ్వవిద్యాలయంలో ఫస్టియర్ విద్యార్థులకు సుమారు గంటసేపు ఒకే విషయం తెలియజేశారు. ఇక్కడ నాకు చోటు లేదేమోనన్న అనుమానం మొదట్లో అన్ని వర్గాలవాళ్లకూ కలుగుతుంది, కొన్నాళ్లకు అది పోతుంది, సీనియర్లూ ఇలాగే అనుకున్నారు, అని. ఆ గంట తర్వాత మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతి విద్యార్థులతో ఉన్న తేడా సగానికి తగ్గింది. మన పిల్లల మీద అంతే ఫలితం వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ మన సెమినార్ హాళ్లలో మొదటి వరుసలు ఖాళీగా ఉండేది అందరికీ బిడియమే కాబట్టి అన్న సంగతి ఒక్క సీనియర్ ఒక్కసారి చెప్పినా, ఆ గుమ్మం దాటేవాళ్లు ఇంకొందరుంటారు. ప్రశ్న తెలుగులో అడగవచ్చు. జవాబు తెలుగులో చెప్పడానికి ఇష్టపడే ఆచార్యులు మనమనుకునేదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

ఇప్పటిదాకా చెప్పినదంతా పెద్ద క్యాంపస్‌ల సంగతి. వరంగల్ ఎన్ఐటీలో టెక్నోజియాన్ జరుగుతుంది, స్ప్రింగ్ స్ప్రీ జరుగుతుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనిటీ రేడియో ఉంది. మరి మండల కేంద్రంలో రెండంతస్తుల భవనంలో నడిచే అనుబంధ కళాశాలలో ఏముందని ఎవరైనా అడిగితే, అది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. 2021–22 అఖిల భారత ఉన్నతవిద్యా సర్వే లెక్క ప్రకారం దేశంలో విశ్వవిద్యాలయాలు 1,168, కళాశాలలు 45,473. మన విద్యార్థుల్లో ఎక్కువమంది చదివేది ఈ రెండో లెక్కలోనే. వాళ్లకు అవకాశాలు సమానంగా ఉన్నాయని చెప్పడం అబద్ధం. ఉన్నవి చెబుతాను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం వల్ల మనం కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతుంది. ఆ డబ్బుతోనే జిల్లా కేంద్ర గ్రంథాలయాలు నడవాలి. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఏ కాలేజీ గుర్తింపు కార్డూ అడగకుండా చదువుకోనిస్తాయి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహిస్తున్న జాతీయ డిజిటల్ లైబ్రరీ ఫోన్‌లో ఉచితంగా తెరుచుకుంటుంది. స్వయం వేదిక మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఖర్చులేకుండా వినవచ్చు, పరీక్ష రాయదలిస్తేనే ఫీజు. విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే ఆ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి. మనుషులు కలిసే కార్యక్రమాల లోటును ఇవేవీ పూడ్చవు. ఆ లోటుకు చిన్న కాలేజీల్లో దారి ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీలే. ఆ యూనిట్ ఉన్న కాలేజీలో చేరి కూడా పేరివ్వకపోవడానికి నాకు సరైన కారణమేదీ కనబడదు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. అనేక హాస్టళ్లలో అబ్బాయిలకు లేని గేటు వేళలు అమ్మాయిలకు ఉన్నాయి. సాయంత్రం అయిదు తర్వాతే ఉపన్యాసాలూ నాటక సాధనలూ మొదలవుతాయి, గ్రంథాలయ పఠనమందిరం రాత్రివేళే ప్రశాంతంగా ఉంటుంది. భద్రతను సాకుగా చూపి హాస్టళ్లలో అబ్బాయిల కంటే అమ్మాయిలకు వివక్షతో కూడిన నిబంధనలు పెట్టరాదని లైంగిక వేధింపుల నివారణపై యూజీసీ చేసిన 2015 నిబంధనల్లోనే ఉంది. ఆ మాట చాలామంది వార్డెన్లకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ర్యాగింగ్ భయం కూడా సాయంత్రాలను గదిలోనే బంధిస్తుంది. దానికి మన దగ్గర 1997 నుంచే చట్టం ఉంది, 2009 నుంచి యూజీసీ నిబంధనలు ఉన్నాయి. సీనియర్లతో పరిచయానికి అధ్యాపకుల ఎదుట, వెలుతురులో జరిగే కార్యక్రమం కంటే క్షేమమైన చోటు ఇంకోటి లేదు. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ కేంద్రం ఉంటే అదీ మీ ఫీజుతో నడిచేదే. జబ్బు ముదిరేదాకా ఆగి వెళ్లే చోటు కాదది. లేనిచోట 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

ఎన్నిటికి వెళ్లాలన్న ప్రశ్నకు నా దగ్గర పట్టిక లేదు. అన్నిటికీ వెళ్లేవాడు దేన్నీ చూడడు. మొదటి సెమిస్టర్‌లో మీకు ముందే కొంచెం తెలిసింది ఒకటి, బొత్తిగా తెలియనిది ఒకటి చాలు. ఒక్కసారితో నిర్ణయించకండి, మొదటిరోజు ప్రతిదీ విసుగ్గానే ఉంటుంది. రెండు మూడుసార్లు వెళ్లాక కూడా మనసు పట్టకపోతే నిరభ్యంతరంగా మానేయండి. మానేయడం ఓటమి కాదు, ఏది మీది కాదో ఇంత చవగ్గా తెలిసే వయసు మళ్లీ రాదు. ఉద్యోగంలో చేరాక ఏదైనా ప్రయత్నించి వదిలేస్తే దానికి జీతమో, పేరో, ఏళ్లో మూల్యంగా చెల్లించాలి. ఫస్టియర్‌లో చెల్లించేది ఒక సాయంత్రం.

ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు ఒక విన్నపం. అతిథి ఉపన్యాసానికి అటెండెన్స్ బలవంతం చేసి హాలు నింపకండి, వినేవాళ్లు పదిమందైనా చాలు. మొదటి సెమిస్టర్ పూర్తయ్యేదాకా గ్రంథాలయాన్ని రాత్రి తొమ్మిదిదాకా తెరిచి ఉంచండి, ఒక్కో సెక్షన్ విద్యార్థులను అరగంట లోపలికి తీసుకెళ్లి ఏది ఎక్కడుందో చూపించమని గ్రంథాలయాధికారిని కోరండి. తల్లిదండ్రులు ఫోన్‌లో మిడ్ మార్కులు అడిగాక, ఈ వారం కొత్తగా ఏం చూశావని కూడా అడగండి. ఫస్టియర్ విద్యార్థులారా, ఈ సెమిస్టర్ ముగిసేలోగా మీకు ఏమీ తెలియని విషయం మీద జరిగే ఒక్క కార్యక్రమానికైనా వెళ్లండి, తోడు ఎవరూ రాకపోయినా సరే.